మాట బాగానే ఉన్న మా నాన్నగారికి స్పీచ్ థెరపిస్టు ఎందుకు? ఆసుపత్రిలో వారి పని ఏమిటి?

మానేరు_వాసి
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. ఎడమ చేయి, ఎడమ కాలు బలహీనపడ్డాయి, మూతి కొద్దిగా వంకర పోయింది. మాట మాత్రం పడిపోలేదు. కాస్త ముద్దగా వస్తున్నా అందరినీ పేరు పెట్టి పిలుస్తున్నారు, ఇంటి సంగతులు అడుగుతున్నారు. మరునాటి ఉదయం స్పీచ్ థెరపిస్టునంటూ ఒకావిడ వచ్చి, ఆయనను కూర్చోబెట్టి, చెంచాతో నీళ్ళు పట్టించి, గొంతు మీద వేళ్ళు ఆనించి చూసి, "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని రాసిన కాగితాన్ని మంచం తలాపున అంటించి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ముక్కులోంచి గొట్టం వేశారు. దాహం, దాహం అని ఆయన అడుగుతుంటే, గుక్కెడు నీళ్ళు కూడా పోయలేని స్థితిలో మా అమ్మ పక్కనే కూర్చుని ఏడుస్తోంది. బిల్లులో మాత్రం "స్పీచ్ థెరపీ" అని రోజుకో పద్దు కనిపిస్తోంది.

మాట వస్తున్న మనిషికి స్పీచ్ థెరపిస్టుతో ఏం పని? తిండీ నీళ్ళూ ఆపమనడానికి వారికి ఉన్న అర్హత ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

కృష్ణాతీరం
మా బావగారి విషయంలోనూ ఇదే జరిగింది. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, డైటీషియన్ అని వరుసగా వచ్చి, ఐదేసి నిమిషాలు ఉండి వెళ్ళారు. ఎవరు ఏం చేశారో మాకు తెలియలేదు గానీ బిల్లు మాత్రం పెరిగింది. డ్యూటీ డాక్టరును నిలదీసి అడగండి.

స్వరపేటిక
నేను ఒక ఆసుపత్రి పక్షవాత విభాగంలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుగా, అంటే మీరు అనే స్పీచ్ థెరపిస్టుగానే పనిచేస్తున్నాను. ఇది మా వార్డులో తరచూ ఎదురయ్యే ప్రశ్నే కనుక కొంచెం విపులంగా రాస్తాను.

మాట్లాడడానికీ మింగడానికీ ఉపయోగపడే అవయవాలు చాలావరకు ఒకటే: పెదవులు, నాలుక, అంగిలి, గొంతు, స్వరపేటిక. మనం గుక్క మింగే ప్రతిసారీ స్వరపేటిక పైకి లేచి, దాని మీది మూత వాలి, లోపలి స్వరతంత్రులు దగ్గరికి వచ్చి శ్వాసమార్గాన్ని మూసివేస్తాయి. ఆ క్షణంపాటు ఊపిరి కూడా ఆగుతుంది. ఇదంతా దాదాపు ఒక్క సెకనులో ముగిసిపోతుంది. పక్షవాతం వచ్చినప్పుడు ఈ వరుస తప్పి, నీళ్ళు అన్నవాహికలోకి పోవలసింది శ్వాసనాళంలోకి జారుతాయి. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన వారిలో, పరీక్షించే పద్ధతిని బట్టి కొంత అటూ ఇటూగా, సగం మందికి మొదటి రోజుల్లో మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. వారిలో చాలామందికి కొన్ని వారాల్లోనే అది సర్దుకుంటుంది. ఆ కొన్ని వారాలూ ఊపిరితిత్తులకు నిమ్ము చేరకుండా రోగిని దాటించడమే పక్షవాత వార్డులో మా మొదటి పని. మాట నేర్పించడం ఆ తరువాతిది.

మీ నాన్నగారి మాట ముద్దగా వస్తోందని మీరే రాశారు. నాలుక, పెదవులు ఒకవైపు సరిగా కదలడం లేదనడానికి అదొక గుర్తు. మాట అర్థమవుతున్నంత మాత్రాన మింగడం క్షేమంగా ఉందని అనుకోవడానికి వీలులేదు.

మానేరు_వాసి
మీ వివరణకు కృతజ్ఞతలు. కానీ ఆవిడ నీళ్ళు పట్టించినప్పుడు నాన్నగారికి పొలమారలేదు, దగ్గు కూడా రాలేదు. నేను పక్కనే నిలబడి చూశాను. మరి దేన్ని చూసి ఆపేశారు?

స్వరపేటిక
దగ్గు రాకపోవడమే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. ఆరోగ్యవంతుడికి ఒక్క చుక్క అటు జారినా పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఊరుకుంటాము. పక్షవాతంలో గొంతు లోపలి స్పర్శ తగ్గిపోతే, నీళ్ళు శ్వాసనాళంలోకి దిగుతున్నా శరీరానికి కబురు అందదు, దగ్గు పుట్టదు. అందుకే ఆవిడ దగ్గు కోసం మాత్రమే చూసి ఉండరు.

మంచం పక్కన పరీక్ష చేసేటప్పుడు మేము గమనించేవి ఇవి. రోగి మెలకువగా ఉండి పది పదిహేను నిమిషాలు కూర్చోగలరా? నోట్లో లాలాజలం ఒక మూలన పేరుకుంటోందా? అడిగినప్పుడు గట్టిగా దగ్గగలరా? చెంచా నీళ్ళు ఇచ్చాక గొంతు మీద ఆనించిన వేళ్ళ కింద స్వరపేటిక వెంటనే లేచిందా, ఆలస్యంగా లేచిందా, ఒక్క గుక్కకు మూడు నాలుగు సార్లు లేచిందా? తరువాత "ఆ" అనమంటాము. ముందు పొడిగా ఉన్న గొంతు ఇప్పుడు నీళ్ళు నిండినట్టు గురగురమంటే, ఆ నీళ్ళు స్వరతంత్రుల దగ్గరే నిలిచిపోయాయని అర్థం. వేలికి పెట్టిన యంత్రంలో ఆక్సిజన్ సంఖ్యనూ, ఊపిరి వేగాన్నీ కూడా చూస్తాము.

చెంచాతో బాగున్నవారికి సుమారు 90 మిల్లీలీటర్ల నీళ్ళు ఆపకుండా తాగమని ఇస్తాము. మధ్యలో ఆగినా, దగ్గినా, గొంతు తడిగా మారినా తదుపరి పరీక్ష అవసరం. మీ నాన్నగారి కేస్ షీటులో ఇవన్నీ రాసి ఉంటాయి. చదివి వినిపించమని అడిగే హక్కు మీకు ఉంది.

ఐసీయూ_సిస్టర్
స్వరపేటిక గారు చెప్పిన గురగుర శబ్దాన్ని మా వార్డులో మేము రోజూ వింటాము. పక్షవాతంతో వచ్చిన మనిషికి మొదటి మాత్ర కూడా నోట్లో వేయకముందే నర్సులమే ప్రాథమిక పరీక్ష చేస్తాము. అందులో తప్పినవారిని థెరపిస్టుకు పంపుతాము. బంధువులు మేము చూడనప్పుడు కొబ్బరినీళ్ళు పోయడం, ఆ రాత్రికి జ్వరం రావడం, ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనిపించడం నేను చూశాను. ఒక పెద్దాయనకు మాట రావాలని వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుకకు రాశారు. ఆ కాస్త తేనెకే ఆయనకు ఊపిరి అందలేదు. ప్రేమతోనే చేస్తారు, నేను కాదనను. తలాపున ఆ కాగితం అంటించేది అందుకే.

కృష్ణాతీరం
అదంతా నిజమే కావచ్చు. కాగితం అంటించి వెళ్ళిపోవడం, ఎందుకో చెప్పకపోవడం సరైన పద్ధతేనా? మానేరు_వాసి గారి బాధ అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

స్వరపేటిక
సరైన పద్ధతి కాదు. ఈ విషయంలో నేను పూర్తిగా మీ పక్షమే. రోగి కుటుంబానికి వివరించడం మా విధుల్లో ఒకటి, తీరిక ఉంటే చేసే ఉపకారం కాదు. ఏం ఆపాము, ఎందుకు ఆపాము, మళ్ళీ ఎప్పుడు పరీక్షిస్తాము, అప్పటివరకు దాహానికి ఏం చేయవచ్చు అనే నాలుగు సంగతులూ చెప్పకుండా వార్డు దాటకూడదని మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు గట్టిగా చెబుతాను.

అర్హత గురించి అడిగారు కదా. మేము పరీక్షించి సిఫారసు చేస్తాము. ఆహారం ఆపడం, గొట్టం వేయడం చికిత్స చేస్తున్న వైద్యుడి ఆదేశంతోనే జరుగుతుంది. మంచం పక్కన తేలని సందర్భాల్లో రెండు పరీక్షలు ఉన్నాయి. ఒకదానిలో బేరియం కలిపిన ఆహారాన్ని మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు. రెండోదానిలో ముక్కులోంచి సన్నని ఎండోస్కోపు పంపి, రంగు కలిపిన పాలో జెల్లీయో మింగుతుండగా పైనుంచి చూస్తారు. మొదటిది రేడియాలజీ వారితో, రెండోది ఎక్కువగా ఈఎన్‌టీ వైద్యులతో కలిసి చేస్తాము. మీ నాన్నగారికి ఈ రెండింటిలో ఏదైనా అవసరమా అని అడగండి.

పెన్నా_ఒడ్డు
నేను ఇంకొక వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మకు మతిమరుపు వ్యాధి ముదిరిన తరువాత మింగడం కష్టమైంది. థెరపిస్టు వచ్చి, నీళ్ళలో పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వమన్నారు. అమ్మ ఆ చిక్కని నీళ్ళను నోట్లో పెట్టగానే ఉమ్మేసేది. రోజంతా కలిపి ఒక గ్లాసు కూడా లోపలికి పోయేది కాదు. నాలుక పిడచకట్టుకుపోయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, అదే ఆసుపత్రికి మళ్ళీ తీసుకువెళ్ళవలసి వచ్చింది. జాగ్రత్త పేరుతో మనిషికి దాహం తీర్చుకునే సుఖం కూడా లేకుండా చేయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తోంది. చివరకు మేము ఆ పొడి మానేసి, కూర్చోబెట్టి, చెంచాడు చెంచాడుగా మామూలు నీళ్ళే ఇచ్చాము.

ఐసీయూ_సిస్టర్
పెన్నా_ఒడ్డు గారూ, మీ అమ్మగారి విషయం వేరు, కొత్తగా పక్షవాతం వచ్చిన మనిషి విషయం వేరు. దీన్ని చదివి మానేరు_వాసి గారు ఇప్పుడే నీళ్ళు పోస్తే ప్రమాదం.

పెన్నా_ఒడ్డు
నేను ఆయనను పోయమనడం లేదు. ఒకే మందు అందరికీ రాసినట్టు అందరికీ చిక్కని నీళ్ళే రాసివ్వడం తప్పు అంటున్నాను.

స్వరపేటిక
ఇద్దరూ చెప్పినది సరైనదే. చిక్కని ద్రవం మెల్లగా జారుతుంది కనుక శ్వాసమార్గం మూసుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఎక్స్‌రే వీడియోలో అటు జారడం తగ్గినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. కానీ దానివల్ల నిమ్ము చేరడం తప్పకుండా తగ్గుతుందని గట్టి ఆధారాలు లేవు. తాగడం తగ్గి ఒంట్లో నీరు ఇంకిపోవడం మాత్రం నిజంగా జరిగే నష్టం. అందువల్ల చిక్కని నీళ్ళు రాసిచ్చిన థెరపిస్టు రోగి రోజుకు ఎంత తాగుతున్నారో కూడా వెనువెంట చూడాలి; రాసిచ్చి వదిలేస్తే పెన్నా_ఒడ్డు గారి అమ్మగారికి జరిగినట్టే జరుగుతుంది.

అమెరికాలోని ఒక పునరావాస కేంద్రంలో మొదలైన ఫ్రేజియర్ పద్ధతి ఒకటి ఉంది. తగిన రోగులకు, నోరు శుభ్రంగా తోమిన తరువాత, భోజనాల మధ్య వేళల్లో మామూలు నీళ్ళు తాగనిస్తారు. శుభ్రమైన నోటి నుంచి కొద్దిపాటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే శరీరం పీల్చుకోగలదు. నోటిలోని సూక్ష్మక్రిములూ ఆహారపు ముక్కలూ కలిసి పోతేనే అసలు నష్టమన్నది దాని వెనుకనున్న ఆలోచన. ఇక ముదిరిన మతిమరుపులో గొట్టం వేయడం వల్ల ఆయుష్షు పెరగదనీ, నిమ్ము తగ్గదనీ వృద్ధుల వైద్యంలో బాగా స్థిరపడిన అభిప్రాయం. అటువంటి వారికి చేత్తో, ఓపికగా, ఇష్టమైనది తినిపించడమే మేలు. ప్రమాదం కొంత ఉందని తెలిసి కూడా కుటుంబం ఆ దారి ఎంచుకుంటే, అందులో తోడుగా నిలబడడం కూడా మా బాధ్యతే.

డాలస్_తెలుగు
మా అమ్మ మా దగ్గరకు వచ్చినప్పుడు ఇక్కడే పక్షవాతం వచ్చింది. ఎడమ మెదడులో రావడం వల్ల మాట దెబ్బతిన్నది. ఇక్కడ ఈ వృత్తికి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి, వచ్చిన థెరపిస్టు ఎంతో శ్రద్ధ కలిగిన మనిషి. కానీ అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఫోనులో దుబాసీని పెట్టారు. అమ్మ గ్లాసు బొమ్మ చూసి "అది... గిన్... నీళ్ళ... తాగే గిన్..." అంటే, దుబాసీ దాన్ని చక్కని ఇంగ్లీషు వాక్యంగా మార్చి "నీళ్ళు తాగే గ్లాసు అంటున్నారు" అని చెబుతున్నారు. థెరపిస్టు పర్వాలేదని రాసుకుంటున్నారు. నేను ఆపి, అన్నది అన్నట్టుగా, తడబాటుతో సహా చెప్పమని కోరవలసి వచ్చింది. ప్రవాసంలో ఉన్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి: ఈ పరీక్షలో తప్పులే అసలు సమాచారం.

తెల్లకాగితం
డాలస్_తెలుగు గారు రాసింది చదువుతుంటే మా అత్తగారు కళ్ళ ముందు మెదిలారు. ఆమెకు మాట పూర్తిగా పోయింది. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా "అదే, అదే" అనడం ఒక్కటే మిగిలింది. కానీ చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తన ఎవరైనా ఎత్తుకుంటే చరణంతో సహా పాడేవారు. ఒకటి నుంచి పది వరకు అంకెలూ, వారాల పేర్లూ తడుముకోకుండా చెప్పేవారు. దాంతో మా బంధువులు కొందరు "కావాలనే మాట్లాడడం లేదు" అన్నారు. ఇంత క్రూరమైన మాట మరొకటి ఉండదు.

స్వరపేటిక
తెల్లకాగితం గారూ, మీ అత్తగారిలో కనిపించింది అఫేజియాలో, అంటే మెదడు దెబ్బతిని మాటలు చిక్కని స్థితిలో, తరచుగా ఉండేదే. కంఠతా వచ్చినవీ, పాటలుగా పాతుకుపోయినవీ ఒక దారిలో నడుస్తాయి. అప్పటికప్పుడు ఆలోచించి పదం వెతికి వాక్యం కట్టడం మరో దారి. 1861లో ఫ్రాన్సులో పాల్ బ్రోకా వర్ణించిన రోగి కూడా ఎదుటివారి మాటలు అర్థం చేసుకుంటూనే "టాన్" అన్న ఒక్క శబ్దం మాత్రమే పలకగలిగేవాడు. ఆ పాట దారినే వాడుకుని, "నీ-ళ్ళు కా-వా-లి" వంటి అవసరమైన మాటలను రాగంగా, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ అనిపించి, క్రమంగా రాగం తగ్గించే చికిత్స 1970ల నుంచి ఉంది. అందరికీ పనిచేయదు, అర్థం చేసుకునే శక్తి బాగా ఉండి, పలకడం మాత్రమే పోయినవారికి అనువుగా ఉంటుంది.

అఫేజియా, డిసార్థ్రియా వేర్వేరని కుటుంబాలు తెలుసుకోవడం అవసరం. మానేరు_వాసి గారి నాన్నగారిది రెండోదిలా ఉంది: పదాలు ఉన్నాయి, పలికే కండరాలు బలహీనపడ్డాయి. అఫేజియాలో కండరాలు బాగానే ఉండవచ్చు, పదాలే చిక్కవు. రెండింటికీ చేయించే అభ్యాసాలు ఒకటి కావు.

గోదారి_ఈఎన్‌టీ
వైద్యుడిగా నేను చేర్చవలసింది ఒకటుంది. అఫేజియా ఉన్న మనిషికి బుద్ధి పోయిందని అనుకుని, ఆపరేషన్ అంగీకార పత్రం మీద బంధువుల సంతకం తీసుకుని పని కానిచ్చేస్తుంటాము. స్పీచ్ థెరపిస్టు ఉన్న చోట, బొమ్మలు చూపించి, అవును కాదు అనే కార్డులు పెట్టి, ఒక్కొక్కటిగా చిన్న వాక్యాలతో అడిగి, రోగి నిర్ణయాన్ని రోగి చేతనే చెప్పించడం సాధ్యమవుతుంది. ఆస్తి కాగితాల మీద వేలిముద్రలు వేయించే సందర్భాల్లో దీని విలువ మరింత తెలుస్తుంది. అలాగే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అఫేజియా వల్లగానీ స్వరపేటిక తొలగింపు వల్లగానీ కలిగే శాశ్వత వైకల్యాన్ని వాక్కు, భాషా వైకల్యంగా గుర్తించింది. చాలా కుటుంబాలు ధ్రువపత్రానికి దరఖాస్తు చేయడమే లేదు.

డాలస్_తెలుగు
రెండు మూడు భాషలు వచ్చిన రోగులకు ఏ భాషలో చికిత్స చేస్తారు? మా మామగారు ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో ఉర్దూ, ఇంగ్లీషు వాడేవారు.

స్వరపేటిక
హైదరాబాదులో ఇది దాదాపు ప్రతి రోగి విషయంలోనూ ఎదురయ్యే ప్రశ్న. ఏ భాష ఎవరితో, ఎంత వాడేవారో ముందు కుటుంబాన్ని అడిగి రాసుకుంటాము, వీలైనన్ని భాషల్లో పరీక్షిస్తాము. ఇంటికి వెళ్ళాక రోజంతా ఏ భాషలో బతకాలో ఆ భాషకు పెద్దపీట వేస్తాము. నిమ్స్‌లో పనిచేసిన న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం మన ఊరి రోగుల మీదే జరిగింది. పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలిస్తే, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన వంటివి మామూలుగా ఉన్నాయి. ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. అయితే అఫేజియా వచ్చే అవకాశంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. కనుక మీ మామగారికి ఇంట్లో ఉర్దూ మాట్లాడవద్దని ఎవరూ ఆంక్ష పెట్టనవసరం లేదు.

నాగావళి
పక్షవాతం గురించే అందరూ రాస్తున్నారు కనుక నేను వేరొకటి రాస్తాను. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాయనమ్మ తరం ఆడవాళ్ళు చాలామంది చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. నాయనమ్మకు అంగిలి మీద క్యాన్సర్ వచ్చి కొంత భాగం తీసేశారు. దాంతో తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది, మాటంతా ముక్కుతోనే వచ్చి ఎవరికీ అర్థమయ్యేది కాదు. దంత వైద్యులు ఆ రంధ్రాన్ని మూసే అచ్చు తయారుచేసి పెట్టారు. అది పెట్టుకున్న తరువాత గాలిని నోటి గుండా ఎలా పంపాలో, ప, బ, క, గ అక్షరాలను ఎలా పలకాలో స్పీచ్ థెరపిస్టు అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పారు. పలికేటప్పుడు ముక్కు కింద చిన్న అద్దం పెట్టేవారు. దాని మీద ఆవిరి పట్టకపోతే సరిగా పలికినట్టు. నాయనమ్మకు చదువు రాదు, కానీ ఆ అద్దాన్ని చూసి తన తప్పు తానే పట్టుకునేది.

గోదారి_ఈఎన్‌టీ
నాగావళి గారు రాసిన అడ్డపొగ ఉత్తర కోస్తాలో అంగిలి క్యాన్సర్‌కు బాగా తెలిసిన కారణం. గొంతు క్యాన్సర్‌తో స్వరపేటిక మొత్తం తీసేయవలసిన రోగుల విషయంలో స్పీచ్ థెరపిస్టును ఆపరేషన్ తరువాత కాక ముందే పిలవాలని నా అభిప్రాయం. ఇక మీదట మెడ మీది రంధ్రం గుండానే ఊపిరి పీల్చాలని, ముక్కుతో వాసన కూడా సరిగా తెలియదని, గొంతు మళ్ళీ రావడానికి మూడు మార్గాలు ఉన్నాయని ముందుగా తెలిసిన రోగి, తరువాత మేలుకున్నప్పుడు అంతగా కుంగిపోడు. అన్నవాహికలోకి గాలి తీసుకుని వెనక్కి వదులుతూ మాట్లాడడం ఒకటి, గొంతుకు ఆనించుకునే బ్యాటరీ యంత్రం ఒకటి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య అమర్చే చిన్న కవాటం ఒకటి. విదేశీ కవాటాల ధర వేలల్లో ఉంటుంది, కొన్ని నెలలకోసారి మార్చాలి. బెంగళూరు క్యాన్సర్ శస్త్రవైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయల ఖరీదుతో ఓం అనే కవాటాన్ని రూపొందించడం పేద రోగులకు పెద్ద ఊరట.

ఐసీయూ_సిస్టర్
మెడకు రంధ్రం చేసి ట్రెకియాస్టమీ గొట్టం వేసిన వారిని మరిచిపోకండి. స్వరపేటిక ఉన్నా, గాలి దాని వరకు పోదు కనుక గొంతు రాదు. గొట్టానికి మాట్లాడే కవాటం బిగిస్తే, గాలి లోపలికి గొట్టం గుండా వెళ్ళి, బయటికి నోటి గుండా వస్తుంది. ఐసీయూలో వారాల తరబడి పెదవులు మాత్రమే కదిలించిన మనిషి మొదటిసారి భార్యను పేరు పెట్టి పిలిచినప్పుడు మేము చేస్తున్న పని ఆపి నిలబడిపోతాము. కానీ ఒక హెచ్చరిక: గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగను పూర్తిగా దించకుండా ఆ కవాటం పెడితే ఊపిరి బయటికి పోయే దారి ఉండదు, ప్రాణం పోతుంది. అందుకే దాన్ని మొదట పెట్టేటప్పుడు థెరపిస్టు, డాక్టరు, నర్సు ముగ్గురమూ పక్కన ఉంటాము.

పెన్నా_ఒడ్డు
మీరంతా రాస్తున్నవి పెద్ద ఆసుపత్రుల సంగతులు. మా జిల్లా ఆసుపత్రిలో ఉన్నది ఒక్కరే. ఆయన ఈఎన్‌టీ విభాగంలో ఉదయం నుంచి చెవి పరీక్షలు, ధ్రువపత్రాల శిబిరాలు, వినికిడి యంత్రాలతోనే సతమతమవుతారు. పక్షవాత రోగుల వార్డు వైపు రావడానికి ఆయనకు సమయం ఎక్కడిది?

స్వరపేటిక
పెన్నా_ఒడ్డు గారు చెప్పింది చేదు నిజం. మన దేశంలో నాలుగేళ్ళ డిగ్రీ కోర్సు వినికిడినీ, వాక్కునూ కలిపి నేర్పుతుంది. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, 1983లో ముంబయిలో ఏర్పడి సికింద్రాబాదులోనూ ప్రాంతీయ కేంద్రం నడుపుతున్న అలీ యావర్ జంగ్ సంస్థ వంటివి ఈ వృత్తికి పునాదులు. ఆ రెండు చదువులూ ఒకరికే ఉండడం వల్ల మేలూ ఉంది: అయోమయంగా ఉన్నారని రాసిన ముసలాయనకు నిజానికి వినపడడం లేదని మొదట పట్టుకునేది మేమే. కానీ ఆ ఒక్కరి మీదే రెండు విభాగాల భారం పెట్టడం వల్ల వార్డు పని వెనుకబడుతోంది. ఐసీయూ_సిస్టర్ గారి దగ్గర జరుగుతున్నట్టు నర్సులకు ప్రాథమిక పరీక్ష నేర్పించడం, కష్టమైన రోగులను మాత్రమే థెరపిస్టు చూడడం ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని. పోస్టులు పెంచమని అడగడం మాత్రం ఎవరూ మానకూడదు.

పిల్లల కోసం వెతికేవారు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలను సంప్రదించండి. గ్రహణమొర్రి, వినికిడి లోపం, మాట ఆలస్యం కావడం వంటివి అక్కడ చూస్తారు.

మానేరు_వాసి
ఈ సమాధానాలు చదివి ఆవిడను ఓపికగా కూర్చోబెట్టి అడిగాను. ఎండోస్కోపు పరీక్ష చేశారు. నీళ్ళు జారుతున్నాయి, మెత్తని ముద్ద మాత్రం క్షేమంగా దిగుతోంది. గడ్డం ఛాతీ వైపు వంచి మింగమన్నారు. రాగి జావ ఇవ్వవచ్చా అని అమ్మ అడుగుతోంది.

స్వరపేటిక
జావ గురించి ఒక మెలకువ ఉంది. రాగి, బియ్యప్పిండి, సగ్గుబియ్యం వంటి పిండి పదార్థాలతో వచ్చిన చిక్కదనం నోటిలోని లాలాజలం తగలగానే పలచబడుతుంది. చెంచాను గిన్నెలో ముంచి ముంచి తినిపిస్తే గిన్నెలోనిది కూడా అడుగుకు వచ్చేసరికి నీళ్ళలా మారుతుంది. అందుకని కొద్ది కొద్దిగా వేరే గిన్నెలోకి తీసుకుని ఇవ్వండి. చిక్కదనం కొలవడానికి 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు: ముల్లు తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి నింపి, వేలు తీసి పది సెకన్లు వదలండి. 4 నుంచి 8 మిల్లీలీటర్లు మిగిలితే అంతర్జాతీయ కొలమానంలో అది రెండో స్థాయి, 8కి మించి మిగిలినా కొంతైనా కారితే మూడో స్థాయి. మీ థెరపిస్టు ఏ స్థాయి చెప్పారో అడిగి దానికి సరిపోల్చుకోండి.

చారు అన్నం, పలచని మజ్జిగన్నం, సాంబారులో తేలే ఇడ్లీ ఇప్పుడే వద్దు. నీరూ ముద్దా విడివిడిగా ఉన్నది మింగడం అన్నిటికన్నా కష్టం. మరమరాలు, అటుకుల వంటి పొడి పలుకులూ వద్దు. మెత్తగా మెదిపిన పెరుగన్నం, పప్పన్నం కలిపి ఒకే ముద్దగా చేస్తే బాగుంటుంది. మాత్రలను నలిపి ఇచ్చే ముందు డాక్టరును అడగండి, కొన్నిటిని నలపకూడదు. తిన్న తరువాత అరగంట కూర్చోబెట్టే ఉంచండి.

కృష్ణాతీరం
డిశ్చార్జి తరువాత మానేరు_వాసి గారికి కరీంనగర్‌లో థెరపిస్టు ఎవరైనా దొరికితే, వారు నిజంగా చదువుకున్నవారో కాదో ఎలా తెలుస్తుంది? బోర్డు పెట్టినవారంతా అర్హులేనా?

గోదారి_ఈఎన్‌టీ
1992 నాటి చట్టం ప్రకారం ఈ వృత్తి చేసేవారు భారత పునరావాస మండలి వద్ద నమోదు కావాలి. వారి సీఆర్ఆర్ నంబరు (మండలి కేంద్ర రిజిస్టరులోని నమోదు సంఖ్య) అడగండి, మండలి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవారికి ఆ నంబరు ఉండదు.

తెల్లకాగితం
గొట్టంతోనే ఆహారం ఇస్తున్న రోగికి కూడా పళ్ళు తోమాలా? మా పక్కింటి పెద్దాయనకు గొట్టం వేసి పంపారు. నోటితో ఏమీ తినడం లేదు కదా అని వాళ్ళు వదిలేశారు.

ఐసీయూ_సిస్టర్
తప్పకుండా తోమాలి, ఇంకా ఎక్కువ శ్రద్ధతో తోమాలి. గొట్టం ఉన్నా లాలాజలం గొంతులోకి దిగుతూనే ఉంటుంది. అది మురికిగా ఉంటే నిమ్ము చేరుతుంది. తల ఎత్తి పక్కకు తిప్పి, మెత్తని బ్రష్షును తడిపి పిండి, పళ్ళూ, నాలుకా, పక్షవాతం వచ్చిన వైపు బుగ్గ లోపలా రోజుకు కనీసం రెండుసార్లు శుభ్రం చేయమనండి. నీళ్ళు పోసి పుక్కిలించమనకూడదు. తడి గుడ్డతో తుడిచి తీసేయాలి. కట్టుడు పళ్ళు ఉంటే రాత్రి తీసి కడిగి విడిగా పెట్టాలి. పెదవులకు కొద్దిగా వాజిలిన్ రాస్తే పగలవు.